గార తీసే చదువుకు అమెరికాలో దరఖాస్తు: ఇక్కడి తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు



మన దంత విభాగానికి పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి రోజూ ఎందరో వస్తుంటారు. కాని కుర్చీలో కూర్చుని, "అన్నీ చూడండి గాని గార మాత్రం తియ్యకండి" అని చెప్పినవారిని ఈమధ్యనే మొదటిసారి చూశాను. ఆమె ఎన్నో ఏళ్ళుగా మన ఆసుపత్రికి వస్తున్న అమ్మగారు. వయసు అరవైకి దగ్గర పడింది. కింది ముందు పళ్ళ వెనుక గార గోడ కట్టినట్టు ఉంది. అద్దం పెట్టి చూపించినా ఆమె ఒప్పుకోలేదు.

"నొప్పి ఉండదు పిన్నిగారూ, భయపడకండి" అన్నాను.

"భయమెందుకమ్మా! వచ్చే ఏడు అమ్మాయి దగ్గరకు టెక్సాసు వెళ్తున్నాను. దాని చదువుకు గార బాగా ఉన్న పేషెంట్లు కావాలట. అక్కడ పరాయివాళ్ళను బతిమాలుకునే బదులు నా పళ్ళు ఉన్నాయి కదా!"

నవ్వు వచ్చినా ఆపుకున్నాను. ఎందుకంటే ఆ అమ్మాయి ఆ సీటు కోసం పడిన పాట్లు నాకు తెలుసు. మన సంఘ కుటుంబాల్లో కూతుళ్ళు, కోడళ్ళు అమెరికాలో ఉన్నవారు చాలామంది. "అక్కడ డెంటల్ హైజీన్ అనే రెండేళ్ళ కోర్సు ఉందట, మంచి జీతమట, మా పిల్ల చేరవచ్చా?" అని ఓపీలో అడుగుతూనే ఉంటారు. నడవాలో నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగిన జవాబు కాదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఆ పని ఏమిటో చెప్పాలి. మన దగ్గర పళ్ళ డాక్టరే పుచ్చుకు సిమెంటు పెడతారు, ఆయనే పన్ను పీకుతారు, ఆయనే గార తీస్తారు. అమెరికాలో గార తీయడానికి వేరే మనిషి ఉంటారు. వారినే డెంటల్ హైజీనిస్టు అంటారు. రోగికి బీపీ, షుగరు ఉన్నాయేమో, ఏ మందులు వాడుతున్నారో అడిగి రాసుకోవడం, ఎక్స్‌రే తీయడం, ప్రతి పంటి చుట్టూ ఆరు చోట్ల చిగురు ఎన్ని మిల్లీమీటర్లు లోతు ఉందో సన్నని కొలత పుల్లతో చూడడం, పాచి, గార తీయడం, బ్రష్ ఎలా పట్టుకోవాలో నేర్పడం వారి పని. చాలా రాష్ట్రాల్లో మొద్దుబారే ఇంజక్షను కూడా వారే ఇస్తారు. రోగం నిర్ధారించేది మాత్రం డాక్టరే.

ఈ వృత్తి కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జిపోర్టు ఊరిలో పుట్టింది. డాక్టర్ ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే ఆయన 1906లో తన దగ్గర సహాయకురాలిగా ఉన్న ఐరీన్ న్యూమన్‌కు ఈ పని నేర్పారు. 1913లో ఒక తరగతిగా శిక్షణ మొదలుపెట్టారు. అలా నేర్చుకున్నవారు ఊరి బడులకు వెళ్ళి పిల్లల పళ్ళు శుభ్రం చేసేవారు. న్యూమన్ 1917లో లైసెన్సు పొందిన మొదటి హైజీనిస్టు అయ్యారు. మన దేశపు 1948 దంతవైద్యుల చట్టంలో కూడా డెంటల్ హైజీనిస్టు అనే మాట ఉంది. కాని మన ఊళ్ళలో ఆ పేరుతో పనిచేసేవారు ఎక్కువగా కనబడరు. అందుకే ఈ పేరు మనవాళ్ళకు కొత్తగా తోస్తుంది.

ఒక కాలేజీ, రెండు గుమ్మాలు

మూడేళ్ళ క్రితం ఇదే పిన్నిగారు స్వీటు బాక్సుతో మా విభాగానికి వచ్చారు. "మా అమ్మాయికి డెంటల్ సీటు వచ్చిందమ్మా" అని అందరికీ పంచారు. నేనూ తిన్నాను. ఆరేడు నెలల తరువాత ముఖం చిన్నబుచ్చుకుని వచ్చారు. "సీటు రాలేదటమ్మా. మరి అప్పుడు వచ్చిందేమిటో నాకు అర్థం కావడం లేదు. చుట్టాలందరికీ చెప్పుకున్నాను" అన్నారు.

అప్పుడు వచ్చింది కాలేజీలో ప్రవేశం. రానిది కోర్సులో సీటు. మనవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మిగతా సంగతులన్నీ మరచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోమని మనవి.

కమ్యూనిటీ కాలేజీలంటే ఆయా ప్రాంతాల ప్రజల కోసం పెట్టిన రెండేళ్ళ కాలేజీలు. ఇలినాయ్‌లోని జోలియెట్‌లో 1901లో మొదలైన జూనియర్ కాలేజీ వీటిలో పాతది. స్కూలు చదువు పూర్తి చేసిన ఎవరికైనా సాధారణంగా తలుపు తెరిచే ఉంటుంది. ఫారం నింపితే ఉత్తరం వస్తుంది. కాని అదే కాలేజీ లోపల నర్సింగు, డెంటల్ హైజీన్ వంటి కోర్సులకు మరో గుమ్మం ఉంటుంది. దానికి దరఖాస్తు వేరు, గడువు వేరు, ఎంపిక వేరు. డెంటల్ హైజీన్‌లో చాలాచోట్ల బ్యాచికి 20 లేక 30 సీట్లే ఉంటాయి. పెంచుదామన్నా కుదరదు. నేర్చుకునే క్లినిక్కులో కుర్చీలు లెక్క ప్రకారం ఉంటాయి. పైగా కోర్సులకు గుర్తింపు ఇచ్చే డెంటల్ అక్రెడిటేషన్ కమిషన్, క్లినిక్కులో అయిదుగురు విద్యార్థులకు కనీసం ఒక బోధకుడు ఉండాలని నియమం పెట్టింది.

మనకు ఒకప్పుడు ఎంసెట్, ఇప్పుడు నీట్. ఒక్క పరీక్ష, ఒక్క రాంకు, కౌన్సెలింగు. అక్కడ అలా ఉండదు. ప్రతి కాలేజీకీ సొంత లెక్క ఉంటుంది. ముందుగా కొన్ని సబ్జెక్టులు అదే స్థాయిలో పూర్తి చేయాలి. శరీర నిర్మాణం, శరీర ధర్మం రెండు భాగాలుగా ల్యాబుతో సహా ఉంటాయి. మైక్రోబయాలజీ ఉంటుంది. చాలాచోట్ల రసాయన శాస్త్రం కూడా. వాటితోపాటు ఇంగ్లీషు వ్యాసరచన, మనస్తత్వ శాస్త్రం, సమాజ శాస్త్రం, కొన్నిచోట్ల సభలో మాట్లాడడం. వీటిలో వచ్చిన గ్రేడులకు పాయింట్లు వేసి పైనుంచి పిలుస్తారు. కొన్ని కాలేజీలు ప్రవేశ పరీక్ష కూడా పెడతాయి. కనీస అర్హతకు 'సి' గ్రేడు చాలునని రాసి ఉన్నా, పోటీలో అది చాలదు. మధ్యలో మానేసిన సబ్జెక్టును, రెండోసారి రాసిన సబ్జెక్టును తక్కువగా లెక్కగట్టే కాలేజీలూ ఉన్నాయి. అందుకే ఒక టరంలో మూడు సైన్సు సబ్జెక్టులు నెత్తిన పెట్టుకోవడం కంటే ఒకటి, రెండు తీసుకుని బాగా చదవడమే మంచిదని నా అభిప్రాయం. పసిబిడ్డను చంకనేసుకుని చదివే తల్లులకు మరీను.

ఆ అమ్మాయి ఇక్కడ బి.యస్సీ. మైక్రోబయాలజీ ఫస్టు క్లాసులో పాసయింది. "మళ్ళీ ఆ పాఠాలే చదవాలా?" అని ఇంట్లో అందరికీ చిన్నతనం అనిపించింది. కాని చాలా కాలేజీల్లో సైన్సు సబ్జెక్టులు గడచిన అయిదేళ్ళలోనో ఏడేళ్ళలోనో చదివినవై ఉండాలి. పెళ్ళి, వీసా, కాన్పు అంటూ పదేళ్ళు గడిచిన తరువాత మన డిగ్రీ డిగ్రీగానే ఉంటుంది గాని ఆ ల్యాబు సబ్జెక్టు పాతబడిపోతుంది. మళ్ళీ చదవక తప్పలేదు. ఈ ముందస్తు చదువుకు ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఆ తరువాతే అసలు రెండేళ్ళ కోర్సు. అంటే రెండేళ్ళ డిగ్రీ అనబడే దానికి కనీసం మూడేళ్ళు లెక్క వేసుకోవాలి. ఈ మూడేళ్ళ మాట అల్లుడిగారికీ, వియ్యాలవారికీ మొదటే చెప్పి ఉంచడం మేలు.

కాగితాల దగ్గర జారిన సంవత్సరం

మొదటిసారి ఆ అమ్మాయి దరఖాస్తు ఆగిపోయింది మార్కుల వల్ల కాదు. ఇక్కడి యూనివర్సిటీ నుంచి వెళ్ళవలసిన ట్రాన్‌స్క్రిప్టు గడువులోగా చేరలేదు. వాళ్ళ నాన్నగారు నాలుగుసార్లు బస్సెక్కి వెళ్ళి కిటికీల ముందు నిలబడ్డారు. చలానా కట్టిన తరువాత ఇంటిపేరు సర్టిఫికెట్లో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉందని తిప్పి పంపారు. అది సరిచేయించి కవరు పంపేసరికి గడువు దాటి తొమ్మిది రోజులైంది. ఆ కాలేజీవారు మర్యాదగానే రాశారట, దరఖాస్తు అసంపూర్తి అని. ఒక సంవత్సరం పోయింది.

కనుక ఇక్కడున్న తల్లిదండ్రులు చేయగల సహాయం ఇదే. పిల్ల అక్కడ మొదటి సబ్జెక్టులో చేరిన రోజునే మీరు ఇక్కడ ట్రాన్‌స్క్రిప్టుకు దరఖాస్తు పెట్టండి. సీలు వేసిన కవర్లు ఒకటి కాదు, మూడు నాలుగు తీసుకుని ఉంచండి. సీలు మీరు విప్పకూడదు, విప్పితే అది చెల్లదు. మన డిగ్రీని అక్కడి లెక్కలోకి మార్చి చెప్పే సంస్థలు ఉంటాయి. ఏ సంస్థ నివేదికను కాలేజీ ఒప్పుకుంటుందో ముందే అడిగి, సబ్జెక్టు వారీ నివేదిక తీయించాలి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, డిగ్రీలో పూర్తి పేరు, పెళ్ళయ్యాక పాస్‌పోర్టులో భర్తగారి ఇంటిపేరు, ఇలా మూడు రకాలుగా ఉంటే ముగ్గురూ ఒక్కరే అని రుజువు చూపవలసి వస్తుంది. వివాహ సర్టిఫికెట్టు నకళ్ళు దగ్గర ఉంచుకోండి.

ఇక టీకాల సంగతి. ఇది మన ఆసుపత్రి పని గనుక కొంచెం వివరంగా చెబుతాను. సీటు వచ్చిన తరువాత క్లినిక్కులో అడుగు పెట్టాలంటే హెపటైటిస్ బి, తట్టు, గవదబిళ్ళలు, ఆటలమ్మ మొదలైన వాటికి రక్షణ ఉన్నట్టు చూపాలి. మూడు మోతాదుల హెపటైటిస్ బి టీకా పూర్తి కావడానికి ఆరు నెలలు పడుతుంది. ఉత్తరం వచ్చాక మొదలుపెడితే సమయం చాలదు. చిన్ననాటి టీకా కార్డు ఇల్లు మారినప్పుడు పోయిందని చాలామంది దిగులు పడతారు. రక్తపరీక్షలో ప్రతిరక్షకాలు తగినంత ఉన్నాయని తేలితే సాధారణంగా అదే రుజువుగా తీసుకుంటారు. క్షయ పరీక్ష కూడా అడుగుతారు. మనకు పుట్టగానే బీసీజీ వేస్తారు. దానివల్ల చేతిమీద వేసే చర్మపరీక్ష, జబ్బు లేకపోయినా ఉన్నట్టు చూపవచ్చు. అలాంటివారు రక్తంతో చేసే క్షయ పరీక్ష అడగడం మంచిది. బీసీజీ ప్రభావం దానిమీద పడదు. చర్మం మీద ఎర్రగా పొంగిందని కంగారుపడి ఫోను చేసి ఏడ్చిన పిల్లలను నేను ఎరుగుదును.

కొన్ని కాలేజీలు దరఖాస్తుతోపాటు ఏదైనా పళ్ళ దవాఖానాలో కొన్ని గంటలు ఊరికే నిలబడి చూసినట్టు సంతకం చేయించిన ఫారం కూడా అడుగుతాయి. పాయింట్లకు పనికిరాని చోట కూడా ఇది చేయమని నేను చెబుతాను. రోజుకు ఎనిమిదిమంది నోళ్ళలోకి వంగి, రక్తం, ఉమ్మి, దుర్వాసన మధ్య పనిచేయగలనా అని ముందే తెలుసుకోవడం మంచిది కదా. మెడ, నడుము, మణికట్టు నొప్పులు ఈ వృత్తిలో మామూలే.

వీసా, జీతం, బీడీఎస్

జీతం మాట నిజమే. అమెరికా కార్మిక గణాంకాల శాఖ 2023కు ఇచ్చిన మధ్యస్థ వార్షిక జీతం 87,530 డాలర్లు. అయితే చాలామంది గంటల లెక్కన, వారంలో రెండు మూడు రోజులే పనిచేస్తారు. అన్నిటికన్నా ముందు పని చేయడానికి అనుమతి ఉండాలి.

భర్త ఉద్యోగం మీద హెచ్-4 వీసాతో వెళ్ళిన అమ్మాయి చదువుకోవచ్చు, దానికి వేరే వీసా అక్కరలేదు. కాని చదివినంత మాత్రాన పని చేయడానికి లేదు. భర్త గ్రీన్ కార్డు దారిలో ఐ-140 అనే మెట్టు ఆమోదం పొందినవారి వంటి కొందరికి, 2015 నుంచి పని అనుమతి కార్డు ఇస్తున్నారు. అది లేకుండా కోర్సు పూర్తి చేస్తే పట్టా చేతిలో పెట్టుకుని కూర్చోవాలి. లైసెన్సు దరఖాస్తులో సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగే రాష్ట్రాలు చాలా ఉన్నాయి. ఆ నంబరు రావడానికి మళ్ళీ పని అనుమతే కావాలి. ఇక ఇక్కడినుంచి విద్యార్థి వీసాతో నేరుగా ఈ కోర్సుకు పంపుదామనుకునేవారు ఇంకా జాగ్రత్తగా ఆలోచించాలి. కొన్ని కాలేజీలు ఈ సీట్లు విదేశీ విద్యార్థులకు ఇవ్వవు. ఇచ్చినా ఫీజు స్థానికుల కంటే చాలా ఎక్కువ. చదువయ్యాక పన్నెండు నెలల పని అనుమతి దొరకవచ్చు. ఆ తరువాత హెచ్-1బి కష్టం. ఆ వీసా నాలుగేళ్ళ డిగ్రీ తప్పనిసరి అయిన ఉద్యోగాలకు. ఈ ఉద్యోగానికి రెండేళ్ళ డిగ్రీ చాలు. పొలం అమ్మి పంపుదామని ఒకాయన అడిగారు. వద్దని చెప్పాను. ఈ నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి, దరఖాస్తు చేసేముందు ఆ కాలేజీలోని విదేశీ విద్యార్థుల కార్యాలయంలో, అవసరమైతే వకీలు దగ్గర అడిగి తెలుసుకోవాలి. సీటు ఖాయం చేస్తామని డబ్బు అడిగే మధ్యవర్తులను నమ్మకండి. అక్కడ డొనేషను సీటు అనేది లేదు.

బీడీఎస్ చేసిన కోడళ్ళున్న ఇళ్ళలో మరో ప్రశ్న వస్తుంది. "డాక్టరయ్యి ఉండి గార తీసే చదువు మళ్ళీ చదవాలా?" ఫ్లోరిడా వంటి చోట విదేశీ దంత వైద్య పట్టా ఉన్నవారిని హైజీనిస్టు పరీక్షలకు అనుమతిస్తారు. చాలా రాష్ట్రాల్లో గుర్తింపు పొందిన హైజీన్ కోర్సు పూర్తి చేయాల్సిందే. డాక్టరుగానే కావాలంటే జాతీయ బోర్డు పరీక్ష రాసి, రెండు మూడేళ్ళ ప్రత్యేక కోర్సులో చేరాలి. దాని ఖర్చు చాలా పెద్దది. ఇందులో చిన్నతనమేమీ లేదు గాని, ఆ నిర్ణయం ఆ అమ్మాయి స్వయంగా తీసుకోవాలి. అత్తగారు తీసుకోకూడదు.

రెండోసారి

రెండోసారి ఆ అమ్మాయి అన్ని కాగితాలూ గడువుకు రెండు నెలల ముందే పంపింది. ఈసారి నిరీక్షణ జాబితాలో పేరు వచ్చింది. సీటు కాదు. పిన్నిగారు ఈసారి స్వీట్లు తేలేదు, ఎవరికీ చెప్పలేదు. తరగతులు మొదలయ్యే ముందు ఎవరో మానుకున్నారట, కాలేజీ నుంచి ఫోను వచ్చింది. వారం రోజుల్లో ఫీజు, పనిముట్ల పెట్టె, భూతద్దాల కళ్ళజోడు, యూనిఫాం అన్నీ కొనాలి. ట్యూషను ఫీజు కాకుండా వీటికే వేల డాలర్లవుతాయి. నిరీక్షణ జాబితాలో ఉన్నవారు ఆ డబ్బు సిద్ధంగా ఉంచుకోవాలని అప్పుడే తెలిసింది.

ఇప్పుడు మొదటి సంవత్సరం నడుస్తోంది. ముందు బొమ్మ తలకాయల మీద, తరువాత తోటి విద్యార్థుల నోటి మీద నేర్చుకుంటారు. ఆ తరువాత నిజమైన రోగులు. ఆ రోగులను చాలాచోట్ల విద్యార్థులే వెతుక్కోవాలి. కొద్దిగా గార ఉన్నవారు ఇందరు, మధ్యరకం ఇందరు, గట్టిగా పట్టినవారు ఇందరు అని లెక్క ఉంటుంది. ఆ లెక్క నిండితేనే పాసు. పని నిదానంగా సాగుతుంది, ఒక్క మనిషికి మూడు నాలుగుసార్లు రమ్మనాలి. చుట్టుపక్కల తెలిసినవారు లేని కోడలుపిల్లకు ఇది కష్టమే. చివరికి జాతీయ బోర్డు రాతపరీక్షలో 350 ప్రశ్నలు, ఆ తరువాత చేతిపని పరీక్ష, రాష్ట్రపు లైసెన్సు. అవన్నీ ఇంకా ముందున్నాయి.

అదీ పిన్నిగారు గార దాచుకోవడం వెనుక కథ.

కాని నా ముందున్నది ఆమె నోరు. కొలత పుల్ల పెట్టి చూస్తే కింది దవడలో రెండు చోట్ల 6 మిల్లీమీటర్లు వచ్చింది. మూడు వరకు ఉంటే ఆరోగ్యం. ముట్టుకుంటే రక్తం వస్తోంది. ఆమెకు షుగరు ఉంది, మూడు నెలలుగా పరీక్ష చేయించుకోలేదు. చిగుళ్ళ వాపు ఉంటే షుగరు అదుపులోకి రావడం కష్టం, షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళు మానడం కష్టం. ఏడాది ఆగితే గారతోపాటు పంటిని పట్టుకున్న ఎముక కూడా పోతుందని చెప్పాను. "అమ్మాయి కోసం కదమ్మా" అన్నారు మళ్ళీ.

అక్కడ రాత్రి పదకొండు అవుతోంది. అయినా ఆమె ఫోనులోనే అమ్మాయికి వీడియో కాల్ చేయించాను. విషయం విని ఆ పిల్ల ముందు నవ్వింది, తరువాత కోప్పడింది. "అమ్మా, ఇవాళే తీయించుకో. నువ్వు వచ్చేసరికి కింది పళ్ళ వెనుక ఎటూ మళ్ళీ పడుతుంది, అక్కడ లాలాజలం ఊరుతుంది కదా. అది నాకు చాలు. రక్తం కారే చిగుళ్ళతో విమానం ఎక్కకు" అంది. నాతో, "ఆరు మిల్లీమీటర్లు ఎక్కడండీ, ఏ పన్ను దగ్గర?" అని అడిగింది. చెప్పాను. అటువైపు కాగితం మీద రాసుకుంటున్న చప్పుడు వినబడింది.

పిన్నిగారు కుర్చీలో వెనక్కి వాలి, "పోనీ ఒక్క పక్క ఉంచెయ్యండమ్మా" అన్నారు.

ఉంచలేదు. ఆ రోజు కుడివైపు పూర్తి చేశాం. షుగరు పరీక్షకు చీటీ రాశాం. ఎడమవైపుకు మంగళవారం రమ్మన్నాం.